హసింటాకు స్పానిష్ వచ్చిందా

మా అన్న నికనోర్ కడుపునొప్పితో పోయాడని ఊళ్ళో అందరూ అంటారు. మా వదిన అగ్రిపీనా ఒప్పుకోదు. "కడుపునొప్పితో కాదు, బెంచీ మీద కూర్చుని పోయాడు" అంటుంది. నిజమే. కింద పట్నంలో వైద్యశాలకు వెళ్ళి రెండు రోజులు బెంచీ మీద కూర్చున్నాడు. తెల్లకోటు మనిషి బయటికొచ్చి ఏమిటి నీ బాధ అని స్పానిష్‌లో అడిగినప్పుడల్లా మా అన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని నవ్వాడు. నవ్వేవాడికి ఏం జబ్బుంటుందని వాళ్ళు తర్వాతి మనిషిని పిలిచారు. పక్కన కూర్చున్నవాళ్ళలో సగం మందికి మన కొండ భాష కెచువా వచ్చు, ఎవరినైనా అడిగి చెప్పించుకోవచ్చు కదా అంటే, సిగ్గు. మా ఇంటి మగాళ్ళందరికీ ఉన్న రోగం అది. మూడో రోజు ఉన్ని లారీ మీద శవం వచ్చింది.

నేనప్పుడు సముద్రం పక్కన పటాలంలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి అన్న లేడు, అన్న కూతురు హసింటాకు నాలుగేళ్ళు. వదిన నన్ను చూసి ఏడవలేదు. బంగాళాదుంపలు ఏరుతూ, పుచ్చులు ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు విసిరేస్తూ, "నా కూతురు ఆ బెంచీ మీద అలా కూర్చోకూడదు మరిదీ" అంది. "దానికి స్పానిష్ రావాలి. ఎలా వస్తుందో చెప్పు."

నాకేం తెలుసు? అయినా చెప్పాను. చెప్పడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

నా సంగతి కూడా చెప్పుకోవాలి కదా. రెండేళ్ళు పటాలంలో ఉండొచ్చినవాణ్ణని ఊరంతా నన్ను స్పానిష్ పండితుణ్ణి చేసేసింది. నిజానికి నాకొచ్చింది కుడివైపు తిరుగు, ఎడమవైపు తిరుగు, వరసలో నిలబడు, చిత్తం సార్జెంటుగారూ, ఇంకో గరిటె వెయ్యండి. అంతే. కోర్టు కాగితం వస్తే ఊరి సభలో నేనే చదివేవాణ్ణి. రెండు మాటలు అర్థమైతే పది మాటలు నేనే కల్పించేవాణ్ణి. అందరూ తలలూపేవాళ్ళు. ముసలాళ్ళు నమలడానికి కోకా ఆకు ముందు నాకే ఇచ్చేవాళ్ళు. ఆ మర్యాద రుచి మరిగాను. ఇందులో దాచేదేముంది, రుచి మరిగాను.

వదిన పొట్టి మనిషి. నడుస్తూ కూడా కదురు తిప్పుతూ ఉన్ని వడికేది. కొండ ఎక్కుతూ వడికేది, తగాదా పడుతూ వడికేది. నోరు పెద్దది. "ఏమయ్యా, మీ ఆవిడ నీకు అన్నం పెట్టడం మానేసిందా, పొలంలో నీ నీడ కనపడటం లేదు?" అని దారినపోయేవాణ్ణి ఆపి నవ్వించేది. అలాంటి మనిషి కూతురి స్పానిష్ విషయంలో మాత్రం ఎవరేం చెప్పినా నమ్మేది.

మొదట చిలక. మాటలు రాని పిల్లలకు చిలక కొరికిన రొట్టె పెడితే నోరు తిరుగుతుందని మా వైపు పెద్దవాళ్ళు చెబుతారు. ఆగస్టు సంతకు అడవివైపు నుంచి మిరపకాయలమ్మేవాడు చిలకను తెచ్చాడు. అది స్పానిష్‌లో బూతులు తిడుతోంది. వదిన సంతోషం చూడాలి! రొట్టె కొని, చిలక చేత కొరికించి, కూతురి నోట్లో పెట్టింది. "ఇది స్పానిష్ చిలక, మన కొండ చిలక కాదు" అని అందరికీ చెప్పుకుంది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు, "అగ్రిపీనా, నీ కూతురు మొదటి మాటే ఫాదిరిని తిడుతుందిలే" అని పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే మిగిలిన రొట్టె మడిచి కొంగులో కట్టుకుంది.

తర్వాత రేడియో. గుడి తాళాలు చూసుకునే ముసలాయన దగ్గర ఒకటుండేది. బ్యాటరీలు అయిపోయేదాకా పిల్లను దాని ముందు కూర్చోబెట్టింది. హసింటాకు రెండు సబ్బుల పేర్లు వచ్చాయి.

తర్వాత బడి. పంతులు మంగళవారం మధ్యాహ్నం ఎక్కి వచ్చేవాడు, గురువారం పొద్దున్నే దిగిపోయేవాడు. ఆ రెండు రోజులూ పిల్లలను వరసలో నిలబెట్టి దేశగీతం పాడించేవాడు. ఏడాది తిరిగేసరికి హసింటా గీతం మొత్తం తప్పు లేకుండా పాడింది. వదిన నన్ను పిలిచి, "విను, విను, ఏమంటోందో చెప్పు" అంది. నేను గంభీరంగా విని, "దేశాన్ని పొగుడుతోంది వదినా" అన్నాను. "అది కాదయ్యా, దాహం వేస్తే నీళ్ళడగడం వచ్చా?" అంది. పిల్లను అడిగాను. తెల్లమొహం వేసింది. ఆ తర్వాత పంతులు ఎదురైతే వదిన దారి ఇచ్చి పక్కకు తప్పుకోవడం మానేసింది.

ఇదంతా జరిగే సరికి పిల్లకు ఏడో ఏడు వచ్చింది. పుట్టువెంట్రుకలు ఇంకా తీయించలేదు. తండ్రి పోయిన ఇల్లని ఆగారు. జుట్టు జడలు కట్టి నడుం దాకా వేలాడుతోంది. మా వైపు ఆ వేడుకకు ఒక పెద్ద ఇంటి మనిషిని పిలుస్తాం. మొదటి పాయ ఆ మనిషే కత్తిరించాలి, అప్పటి నుంచి ఆమె ఆ పిల్లకు జ్ఞానతల్లి. తర్వాత వచ్చినవాళ్ళందరూ ఒక్కో పాయ కత్తిరించి పళ్ళెంలో పెట్టి, పిల్లకు ఏమిస్తారో పైకి చెప్పాలి. గొర్రెపిల్ల, రెండు చాళ్ళ దుంపలు, దుప్పటి, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు. పళ్ళెం ముందు అన్నమాట వెనక్కి పోదు. ఇచ్చేవాళ్ళు పూర్తిగా ఇవ్వాలి. పుచ్చుకునేవాళ్ళు పూర్తిగా పుచ్చుకోవాలి. సగంలో చెయ్యి వెనక్కి తీసుకుంటే పిల్లకు ఆయుష్షు తక్కువవుతుంది.

జ్ఞానతల్లిగా వదిన దోన్యా ఎర్లిండాను పిలిచింది. పట్నంలో మా ఉన్ని కొనే వ్యాపారి ఇల్లాలు ఆవిడ, దోన్యా అంటే అమ్మగారనే. ఉన్ని తూకం వేసేటప్పుడు కెచువా తేనెలా మాట్లాడుతుంది, ఇంటి గడప దాటితే మాత్రం ఆ మాట లోపలికి రానివ్వదు. వచ్చింది, మొక్కజొన్న కల్లు రెండు ముంతలు తాగింది, రిబ్బను కట్టిన కత్తెర తీసుకుని నుదుటి మీది పాయ కత్తిరించింది.

"నా జ్ఞానపుత్రికకు ఒక చూడి ఆవు..." అని మొదలుపెట్టింది.

వదిన అడ్డం పడింది. "ఆవు వద్దమ్మగారూ."

పళ్ళెం ముందు ఇచ్చేదాన్ని వద్దన్నవాళ్ళు మా ఊళ్ళో అప్పటిదాకా లేరు.

"ఆవు వద్దు. దానికి మీ స్పానిష్ ఇవ్వండి."

ముసలి వాలెంటీన్ కల్లు గొంతులో అడ్డం పడి దగ్గాడు. "పిచ్చిదానా, మాటలు పళ్ళెంలో ఎలా పెడతారే?"

"పెట్టలేకపోతే ఆవిణ్ణే చెప్పనీ తాతా. నీకెందుకు తొందర?"

దోన్యా ఎర్లిండా కాసేపు పిల్లను చూసింది. చేతులు చూసింది. అది నేనూ గమనించాను, కానీ అప్పుడు దాని అర్థం తెలియలేదు. ఆవిడ నవ్వి, "ఇస్తాను. మా ఇంటికి పంపు. పూర్తిగా వచ్చాక పంపిస్తాను" అంది. కత్తెర నా చేతికి వచ్చినప్పుడు నేను ఒక గొర్రెపిల్లనిస్తానన్నాను. అది ఆ చలికాలమే చచ్చిపోయింది.

హసింటా పొట్టి జుట్టుతో ఉన్ని లారీ ఎక్కి వెళ్ళింది. ఏడవలేదు. ఏడిస్తే లారీ డ్రైవరు దింపేస్తాడని వాళ్ళమ్మ చెప్పి పంపింది.

ఆగస్టు సంతకు దిగినప్పుడు వదిన ఏడాదికోసారి కూతుర్ని చూసేది. వెళ్ళేముందు మూడు రోజులు హడావిడి. జున్ను, ఎండు దుంపలు, తను వడికిన నూలు మూట కట్టేది. తిరిగొచ్చాక నా దగ్గరికొచ్చి కూర్చునేది.

"పెరిగింది మరిదీ. చేతులు బాగా పగిలాయి. బట్టలుతుకుతుంది కదా."

"స్పానిష్?"

"ఇంకా పండలేదట. అమ్మగారు చెప్పింది."

రెండో ఏడూ పండలేదు. మూడో ఏడు వచ్చి కూర్చుని వడుకుతూ చెప్పింది. పెరట్లో కాసేపు ఇద్దరే ఉన్నప్పుడు పిల్ల దగ్గరికి జరిగి, మన మాటలో, చెవిలో, "అమ్మా, ఇంటికి తీసుకుపో" అందట.

"నువ్వేమన్నావు?"

"నోరు నొక్కాను." కదురు ఆగింది. "ఆ ఇంట్లో మన మాట మాట్లాడితే వచ్చింది కూడా పోతుందని అమ్మగారు మొదటి రోజే చెప్పింది కదా. సగంలో తీసుకొస్తే దానికేమవుతుందో నీకు తెలియదా? నేను చేత్తో నోరు నొక్కాను మరిదీ. నా చెయ్యి తడిసింది."

నేను పెద్దమనిషి తరహాలో, "ఓపిక పట్టాలి వదినా, భాష అంటే మాటలా" అన్నాను.

ఆమె బాధ అసలు ఎక్కడంటే, కూతురు స్పానిష్ మాట్లాడటం ఆమె చెవులారా వింటోంది. అది మంచి స్పానిషో, సగం స్పానిషో ఆమెకు తెలియదు. ఆవు చూడి కడితే పాలు చూసి చెప్పగలదు, దుంపను గోటితో గీరి చెప్పగలదు. ఇది పండిందో లేదో చెప్పగలిగింది ఇచ్చిన మనిషి ఒక్కతే. ఆ మనిషికి పండకపోతేనే లాభం. ఇది వదినకు నాలుగో ఏడు తోచింది. అప్పుడు నా దగ్గరికొచ్చింది.

"ఈసారి నువ్వు రా. నువ్వు దాన్ని పరీక్ష చెయ్యి. వచ్చిందని నువ్వంటే ఆవిడ కాదనలేదు. ఆ రోజే తీసుకొచ్చేస్తాను. దానికి దుప్పటి కూడా నేశాను."

ఊరి మధ్య బాట మీద అడిగింది. వాలెంటీన్ తాత వింటున్నాడు. "దానికేం భాగ్యం వదినా, వస్తాను" అన్నాను. వారం రోజులు గొర్రెలు కాస్తూ మూడు ప్రశ్నలు బట్టీ పట్టాను. నీ పేరేమిటి, నీకెన్నేళ్ళు, ఈ రోజు ఏ వారం.

దోన్యా ఎర్లిండా నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. వదినను వీధి గుమ్మం దగ్గర ఉండమంది. నా జన్మలో ఆ పట్నంలో ఎవరూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టలేదు. హసింటాను పిలిచి నా ముందు నిలబెట్టి, కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళింది. పదకొండేళ్ళ పిల్ల. మా అన్న నుదురే. చేతులు మాత్రం ముసలిదాని చేతులు.

పేరడిగాను, చెప్పింది. ఏళ్ళడిగాను, చెప్పింది. మూడో ప్రశ్న మర్చిపోయాను.

పిల్ల ఒకసారి లోపలి తలుపు వైపు చూసి, నా వైపు తిరిగి, మొదలుపెట్టింది. స్పానిష్‌లో. గబగబా, గుక్క తిప్పుకోకుండా, నా కళ్ళలోకి చూస్తూ. వేళ్ళు మడుస్తూ ఒకటొకటిగా ఏవేవో చెప్పింది. నాకు అమ్మ అన్న మాట అందింది. నీళ్ళు అన్న మాట అందింది. వద్దు అన్నది రెండుసార్లు. మిగతాదంతా వాగు హోరులా పోయింది. చెప్పడం అయ్యాక చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. బాగా చెప్పానా చిన్నాన్నా అన్నట్టు చూసింది.

నాకు ఇప్పుడు తెలుసు. చిన్నాన్న పరీక్ష చేయడానికి వచ్చాడని దానికి తెలుసు. చిన్నాన్నకు స్పానిష్ బ్రహ్మాండంగా వచ్చని చిన్నప్పటి నుంచీ విన్నది. కెచువాలో ఒక్క ముక్క అన్నా పరీక్ష పోతుందని భయం. అందుకే తన కష్టమంతా తనకొచ్చిన అత్యుత్తమమైన స్పానిష్‌లో, నాకు అర్థమవుతుందనే నమ్మకంతో చెప్పుకుంది. అంతకంటే గొప్పగా ఎవరూ ఏ పరీక్షా నెగ్గి ఉండరు.

నేను తలూపాను. "మంచిది, మంచిది" అన్నాను.

దోన్యా ఎర్లిండా కాఫీ తెచ్చి నన్నేదో అడిగింది. అర్థం కాలేదు. చిత్తం అన్నాను. ఇంకేదో అడిగింది. చిత్తం. ఆవిడ పెదవి చివర నవ్వింది. నా స్పానిష్ ఎంతో ఆ క్షణంలోనే ఆవిడకు తెలిసిపోయింది. తర్వాత నిదానంగా, చంటిపిల్లాడికి చెప్పినట్టు, వేలు ఒకటి చూపించి, "ఇంకొక్క ఏడాది. కదా?" అంది. అది అర్థమైంది. పిల్ల నన్నే చూస్తోంది. కాదు అనాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పడం మొదలుపెడితే నా బండారం ఆ పిల్ల ముందే బయటపడుతుంది.

చిత్తం అన్నాను.

హసింటా నా మొహం వంక ఒక్క క్షణం చూసింది, ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గుమ్మం దగ్గర వదిన దుప్పటి చంకన పెట్టుకుని నిలబడి ఉంది. "వచ్చిందా?"

"మాటలొచ్చాయి వదినా. ఇంకా కుదరలేదు. ఒక్క ఏడాది ఉంచు."

ఆమె దుప్పటి మడత విప్పి, మళ్ళీ మడిచింది. "నువ్వు అన్నావంటే ఇక నాకు అనుమానం లేదు" అంది.

మరుసటి ఆగస్టులో ఇద్దరం దిగేసరికి ఆ ఇంటికి తాళం. పక్కన అరుగు మీద రొట్టెలమ్మే లావుపాటి మనిషి మన మాటలోనే చెప్పింది, జూన్‌లోనే అందరూ అంత దూరం రాజధాని లిమాకు వెళ్ళిపోయారని, కొడుకు అక్కడ దుకాణం పెట్టాడని.

"పిల్ల?" అంది వదిన.

"దాన్నీ తీసుకెళ్ళారు. లారీ ఎక్కనని గోల చేసింది పాపం."

"లిమాలో ఎక్కడ?"

"లిమా అంటే లిమానే. అది పట్నమా, సముద్రం." మనిషి మంచిదే, వదినకు ధైర్యం చెబుదామనుకుంది. "బెంగపడకమ్మా, అది బతుకుతుంది. స్పానిష్ గడగడ మాట్లాడేది. రెండు మూడేళ్ళ నుంచి నాతో బేరమంతా స్పానిష్‌లోనే. నన్నే సరిదిద్దేది!"

వదిన ఆమెను చూడలేదు. నా వైపు తిరిగింది. ఎక్కుడుదారి పట్టాం. ఆ రోజు ఆమె చేతిలో కదురు లేదు. సగం కొండ ఎక్కాక ఆగింది.

"చెప్పు."

చెప్పాను. కుర్చీ సంగతి, కాఫీ సంగతి, మూడు ప్రశ్నలు, పిల్ల వేళ్ళు మడుస్తూ చెప్పుకున్నది, నాకేమీ అర్థం కానిది, అన్నీ. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

"నీకు రాదా?"

"రాదు వదినా. ఎప్పుడూ రాదు."

"ఆ కోర్టు కాగితాలు?"

"కల్పించాను."

కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. "రాదని ఒక్క మాట నా చెవిలో చెప్పి ఉంటే నిన్ను చిన్నచూపు చూసేదాన్నా?" అంది. "నాకూ రాదు కదా దమాసో."

అంతకు ముందెప్పుడూ ఆమె నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఆ తర్వాత మరిదీ అనలేదు.

నేను దాచింది ఇంకొకటి మిగిలింది. అదీ అక్కడే చెప్పేశాను. ఆ ఇంట్లో హసింటాను హసింటా అని పిలవరు. అది కొండ పేరని మార్చేశారు. నేను అడిగినప్పుడు పిల్ల చెప్పిన పేరు గ్లాడిస్. తల్లికి చెబితే బాధపడుతుందని మింగేశాను.

"ఏమన్నావు?"

"గ్లాడిస్."

ఆమె అనబోయింది, నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పమంది, చెప్పాను. కొండ పైదాకా ముందు నడుస్తూ తనలో తాను అనుకుంటూనే ఉంది.

పంట ఇంటికి రాగానే దుంపల లారీ ఎక్కి లిమా వెళ్ళింది. తోడు వస్తానంటే వద్దంది. నలభై రోజులు వీధి వీధీ తిరిగి, ఇంటింటి తలుపు ముందు ఆ పేరు పెట్టి అరిచిందట. అడుక్కునేదనుకుని కొందరు రొట్టె ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు గ్లాడిస్‌లు తలుపు తీశారు, వాళ్ళెవరూ మా పిల్ల కాదు. తిరిగొచ్చి తొమ్మిదేళ్ళు బతికింది, ప్రతి ఏడూ పంటవగానే వెళ్ళింది, ప్రతి ఏడూ ఒక్కతే వచ్చింది. పోయినప్పుడు నేనే గొయ్యి తవ్వాను. చచ్చేదాకా మా వదినకు వచ్చిన స్పానిష్ ఆ ఒక్క పేరే. అది నేర్పింది నేనే.